లారీ చాసీకి బ్లాక్‌బోర్డు రంగు

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది, ఎండాకాలం మొదట్లో, నన్ను నల్లగొండ జిల్లాలోని ఒక చిన్న మున్సిపాలిటీకి వాహనాల షెడ్డు ఫోర్‌మన్‌గా బదిలీ చేశారు. ఊరి పేరు రాయను. నకిరేకల్ మీదుగా పోయే ఎక్స్‌ప్రెస్ బస్సులు మా ఊరి వైపు తల కూడా తిప్పేవి కావు, కాబట్టి పేరు తెలియకపోయినా పాఠకులకు నష్టమేమీ లేదు. అప్పట్లో నా చేతి కింద నలభై బండ్లు ఉండేవని పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే ఇప్పటికీ చెబుతుంటాను. అది పారిశుద్ధ్య కార్మికుల తోపుడు బండ్లను కూడా కలుపుకున్న లెక్క. ఇంజను ఉన్నవి ఏడు. ఆ ఏడింటిలో ఏది కదులుతుంది, ఏది కదలదు అన్నది పొద్దున ఎండ తీరును బట్టీ, డ్రైవరు బ్యాటరీని బతిమాలిన తీరును బట్టీ తేలేది.

ఫోర్‌మన్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం ఒక మాట. మెకానిక్ పైన, అసిస్టెంట్ ఇంజనీరు కింద ఉండే మెట్టు అది. అసిస్టెంట్ ఇంజనీరును అందరూ ఏఈ అంటారు. బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని రాసి సంతకం పెట్టేది ఫోర్‌మన్. దాన్ని పనికొచ్చేలా చేయడానికి ఖర్చు మంజూరు చేసేది మాత్రం ఇంకొకరు. ప్రమాదం జరిగితే మొదట పిలిచేది సంతకం పెట్టినవాణ్ని. సన్మానం జరిగితే మంజూరు చేసినవాణ్ని. ఈ ఏర్పాటు ఎవరు కనిపెట్టారో గానీ చాలా తెలివైనవాడు.

మా షెడ్డులో ఒక పాత నీళ్ల లారీ ఉండేది. వెనక గుండ్రటి ఇనుప ట్యాంకు, ట్యాంకు కింద కారే అతుకులు. ఊరి బోర్లు ఎండిపోయినప్పుడు దానికి విలువ పెరిగేది, వానలు పడగానే షెడ్డు మూలకు చేరేది. ట్యాంకు నుంచి కారే నీరు ఏళ్ల తరబడి చాసీ మీదే పడుతూ వచ్చింది. చాసీ అంటే లారీకి వెన్నెముక. పొడుగునా రెండు ఇనుప చానళ్లు, వాటిని కలుపుతూ అడ్డంగా కొన్ని చానళ్లు ఉంటాయి. ఇంజను, క్యాబిను, ట్యాంకు, చక్రాలను పట్టుకునే స్ప్రింగు పట్టీల కమాన్ కట్టలు అన్నీ దాని మీద ఆధారపడినవే. మా లారీ చాసీ మీద తుప్పు ఎంత మందంగా ఉండేదంటే, గోటితో గీకితే అప్పడంలా పెచ్చు వచ్చేది.

ఆ లారీ డ్రైవరు ఎంకన్న. రామన్నపేట వైపు పల్లె వాడు, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి. ఔట్‌సోర్సింగ్‌లో ఉద్యోగం మనిషికి ఇవ్వరు, బండికి ఇస్తారు. బండి ఉంటే డ్రైవరు ఉంటాడు. బండిని కండెమ్ చేస్తే, అంటే పనికిరాదని కాగితం రాసి వేలానికి పెడితే, దానితోపాటు డ్రైవరూ ఇంటికి పోతాడు. ఒక్క తేడా ఏమిటంటే, బండికి వేలంలో ధర పలుకుతుంది.

అట్లాంటి సమయంలో ఆఫీసుకు ఒక ఆలోచన వచ్చింది. ఎండాకాలం నీటి సరఫరా కోసం రెండు కొత్త ట్రాక్టర్ ట్యాంకర్లు వచ్చాయి. హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన వచ్చి వాటికి జెండా ఊపుతాడని ఖాయమైంది. రెండంటే ఫోటోలో బోసిగా ఉంటుందని కమిషనరు గారికి అనిపించింది. పాత లారీకి రంగు వేసి మూడోదిగా నిలబెట్టాలని నిర్ణయం జరిగింది. ట్యాంకుకూ క్యాబినుకూ రంగు వేయడానికి హైదరాబాదు నుంచే ఆర్టిస్టును పిలిపించారు. అతను ట్యాంకుకు ఒక పక్క నెమలి, ఇంకో పక్క జలపాతం వేశాడు. నల్లగొండ జిల్లాలో జలపాతం చూడాలంటే ఆ లారీ పక్కన నిలబడటం తప్ప వేరే దారి లేదు.

చాసీ సంగతి ఏమిటని నేను అడిగాను. కింద ఉండేది ఎవరికి కనిపిస్తుందని కమిషనరు గారు అడిగారు. ఫోటోగ్రాఫర్లు కొందరు నేల మీద కూర్చుని తీస్తారని ఏఈ గుర్తుచేశాడు. అప్పుడు ఆయన కొంచెం ఆలోచించి, చాసీకి కూడా రంగు వేయమన్నారు. బడ్జెట్ మాత్రం నెమలికే అయిపోయిందట. ఉన్నదాంతో సర్దుకోమన్నారు.

ఉన్నది ఏమిటో స్టోరులో వెతికాం. వాటర్ ట్యాంకు రెయిలింగుకు వేయగా మిగిలిన రెడ్ ఆక్సైడ్ ఉంది. ఇది ఇనుముకు తుప్పు పట్టకుండా అడుగున వేసే ఎర్రటి పూత. శ్మశానం గేటుకు వేయగా మిగిలిన వెండి రంగు ఉంది. దాన్ని ఎంకన్న ముట్టుకోనన్నాడు. ఇక మున్సిపల్ బడిలో బ్లాక్‌బోర్డులకు వేయగా మిగిలిన నల్లరంగు డబ్బాలు ఉన్నాయి. లారీ చాసీకి బ్లాక్‌బోర్డు రంగు వేసిన మొదటి ఫోర్‌మన్‌ను ఈ దేశంలో నేనేనని కొన్నాళ్లు చెప్పుకున్నాను. తర్వాత తెలిసింది, పక్క మున్సిపాలిటీ వాళ్లు నాకన్నా ముందే రోడ్డు రోలరుకు వేశారట.

తక్కువ ఖర్చులో చాసీకి రంగు వేసే పద్ధతి చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. ఖర్చంతా రంగులో ఉంటుందనుకుంటారు కానీ శ్రమంతా గీకడంలో ఉంటుంది. ముందు ఇనుప బ్రష్షుతో తుప్పు రాల్చాలి. మొండి తుప్పును చిన్న సుత్తితో తట్టి ఊడగొట్టాలి. తర్వాత ఉప్పుకాగితంతో రుద్దాలి. ఆ తర్వాత పాత బనీను గుడ్డలు కిరోసిన్‌లో ముంచి, ఏళ్లనాటి గ్రీజూ మట్టీ కరిగేదాకా కడగాలి, పొడి గుడ్డతో తుడవాలి. చాసీ నంబరు కొట్టి ఉన్న చోట రంగు వేసే ముందు గ్రీజు పూయాలి. లేకపోతే రంగు అంకెల్లోకి దిగి, ఫిట్‌నెస్ చూసే ఇన్‌స్పెక్టరు దగ్గర మన బండి మనదేనని నిరూపించుకోవాల్సి వస్తుంది. బ్రేకు రబ్బరు పైపులకూ, బ్యాటరీ ఎర్త్ వైరు బిగించే చోటుకూ రంగు తగలకూడదు. ఎర్త్ మీద రంగు పడిందంటే హారన్ కొడితే లైటు వెలుగుతుంది.

ఈ పనంతా ఎంకన్న, నేను, మా మెకానిక్కు కలిసి చేశాం. నేనూ లారీ కిందికి దూరి గీకానని రాసుకోవాలని ఉంది. నిజానికి నేను స్టూలు మీద కూర్చుని ఎక్కడ గీకాలో చూపించాను. చూపించడం కూడా పనే.

కిరోసిన్‌తో కడగడం పూర్తయిన సాయంత్రం ఎంకన్న భార్య యాదమ్మ షెడ్డుకు వచ్చింది. మా వైపు డ్రైవర్ల ఇళ్లలో ఒక అలవాటు ఉంది. బండిని విప్పినా, కోసినా, రంగు వేయబోయినా, ముందుగా ఇంటి ఆడమనిషి వచ్చి పసుపు బొట్లు పెట్టాలి. యాదమ్మ ఇంట్లో అప్పుడు సున్నాలు వేస్తున్నారు. మిగిలిన సున్నం బకెట్టుతోనే వచ్చింది. పసుపుతో సరిపెట్టకుండా, గోడ అంచుకు పూసినట్టు చాసీ పొడుగునా రెండు పక్కలా సున్నం పట్టె పూసి, దాని మీద జాజుతో ఎర్రబొట్లు పెట్టింది. పొద్దున రంగు వేయాల్సిన ఇనుము మీద ఈ సున్నమేమిటని నాకు ఒళ్లు మండింది. అయినా పూయనిచ్చాను. యాదమ్మ నోటికి కమిషనరు గారే భయపడేవారు. నల్లా రాలేదని ఒకసారి ఆవిడ ఆఫీసుకు వచ్చిన రోజు ఆయన సెలవు పెట్టి వెనక గేటు నుంచి వెళ్లారు.

మర్నాడు పొద్దున సున్నం తెల్లగా ఆరింది. వెనక చక్రాల కమాన్ కట్టను పట్టుకునే బ్రాకెట్ దగ్గర మాత్రం, ఆ తెలుపు మీద వెంట్రుకలా ఒక నల్లగీత కనిపించింది. చానల్ కింది అంచున బోల్టు రంధ్రం దగ్గర మొదలై, పైకి వంకరగా, జానెడుకు కొంచెం తక్కువగా పాకి ఉంది. చాసీ పగిలింది.

ఈ సంగతి నేను తర్వాత చాలా మందికి చెప్పాను. కుర్రతనంలో రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా ఉన్నప్పుడు నేర్చుకున్న విద్య అని చెప్పాను. ఇనుమును కిరోసిన్‌తో కడిగి, తుడిచి, సున్నం పూస్తే, పగుళ్లలో దాక్కున్న కిరోసిన్ మెల్లగా బయటికి ఊరి సున్నం మీద గీత గీస్తుంది. అందుకే నేను కావాలని సున్నం పూయించాను అని చెప్పాను. ఒక శిక్షణ తరగతిలో బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పాను, చప్పట్లు కూడా కొట్టారు. ఆ పద్ధతి నిజమే. రైల్వేలో చూసిందీ నిజమే. కానీ ఆ రోజు నాకు అది గుర్తుకే రాలేదు. యాదమ్మ బకెట్టులో సున్నం మిగలకపోయి ఉంటే ఆ పగులు మీద నా పర్యవేక్షణలోనే నల్లరంగు పడేది. గీతను మొదట చూసింది కూడా నేను కాదు, మెకానిక్కు. నేను అప్పుడు టీ తాగుతున్నాను.

పగిలిన చాసీతో ప్రమాదం ఏమిటంటే, ఖాళీ లారీ అయితే కొన్నాళ్లు మూలుగుతూ తిరుగుతుంది. నీళ్ల లారీ కథ వేరు. నిండు ట్యాంకుతో పోతూ బ్రేకు కొడితే లోపలి నీళ్లన్నీ ఒక్కసారి ముందుకు దూకుతాయి. ఆ దెబ్బ చాసీ మీద పడుతుంది. పగులు ఉన్న చోట చానల్ విరిగితే ట్యాంకు నేరుగా క్యాబిను మీదికి వస్తుంది. క్యాబినులో ఉండేది ఎంకన్న.

ఏఈని పిలిచి చూపించాను. ఆయన కుర్రవాడు, చురుకైనవాడు. పగులు చూడగానే మోకాళ్ల మీద కూర్చుని, బరువు ఎక్కడ పడుతుందో, బోల్టు రంధ్రం దగ్గరే ఎందుకు మొదలైందో, ఇక ఎటు పెరుగుతుందో నాకన్నా బాగా చెప్పాడు. లెక్కతో సహా చెప్పాడు. అంతా చెప్పి లేచి, ప్యాంటు దులుపుకుని, జెండా కార్యక్రమం అయ్యేదాకా రంగు వేసి ఉంచుదామన్నాడు. చదువు లేనివాళ్లతో ఈ కష్టం ఉండదు. వాళ్లు తెలియక తప్పు చేస్తారు.

కండెమ్ అన్న మాట షెడ్డులో వినపడగానే ఎంకన్న ముఖం మాడిపోయింది. నన్ను పక్కకు పిలిచాడు. యాదమ్మ కూడా సద్దిడబ్బా పట్టుకుని అక్కడే ఉంది.

“ఫోర్‌మన్ సాబ్, నల్లరంగేసి మూసేయరాదు. ఎవలకు ఎర్క? నేను నిమ్మళంగ నడుపుకుంట.”

“నువ్వు నిమ్మళంగనే నడుపుతవ్‌రా, ముంగట గేదె అడ్డమొస్తే?” అన్నాను.

“గిన్నేండ్ల సంది నడుపుతున్న, ఏమన్నయిందా? బండి వాయె అంటే నా కొలువు వాయె. పిల్లల ఫీజులున్నయి సారు.”

యాదమ్మ డబ్బా కింద పెట్టింది. గొంతు పెంచలేదు. ఆవిడ గొంతు పెంచకపోతే ఇంకా భయం.

“లారీ ఇరిగితె సర్కారు ఇంకోటి కొంటది. నిన్ను యాడికెళ్లి కొనుక్కరావాలె నేను?”

“కొలువు పోతె ఏం తింటమే మరి?”

“నువ్వు పోతె నీ కొలువు వండుకొని తింటనా?”

ఎంకన్న ఒప్పుకోలేదు. తలకు కట్టుకున్న టవలు విప్పి, మళ్లీ కట్టుకుని, లారీ అవతలి పక్కకు పోయి గీకడం మొదలుపెట్టాడు. అక్కడ గీకాల్సిందేమీ మిగల్లేదు.

నేను చేసింది ఇది. చాసీ అంతటికీ రెడ్ ఆక్సైడ్ వేయించి, దాని మీద బ్లాక్‌బోర్డు నలుపు వేయించాను. పగులు ఉన్న మూర మేర మాత్రం వదిలేసి, సున్నం అలాగే ఉంచాను. పగులు చివర సీసపు పెన్సిలుతో అడ్డగీత పెట్టాను. పగులు ఆ గీత దాటితే పెరుగుతున్నట్టు లెక్క. నల్లటి చాసీ మధ్యలో తెల్లటి మచ్చ దూరానికే కొట్టొచ్చినట్టు కనపడేది. ఏఈ వచ్చి దాన్ని కూడా నలుపు చేయమన్నాడు. రంగు అయిపోయిందన్నాను. కొనమన్నాడు. తప్పకుండా కొందాం సార్, ఇండెంట్ రాస్తాను, మూడు కొటేషన్లు తెప్పించాలి, అకౌంట్స్ నుంచి ఫైలు తిరిగి రావడానికి వానాకాలం పడుతుందన్నాను. ఆఫీసు ఇన్నేళ్లుగా నాకు చెబుతూ వచ్చిన మాటలే ఆయనకు ఒప్పజెప్పాను. రంగు అయిపోయిందన్న మాటలో మాత్రం కొంత అతిశయోక్తి ఉంది. సగం నిండిన డబ్బా షెడ్డులోనే ఉంది, దాని మీద నేను కూర్చుని ఉన్నాను.

చివరికి ఏఈతో ఒక ఒప్పందానికి వచ్చాం. జెండా రోజున లారీ ఖాళీ ట్యాంకుతో నిలబడుతుంది. ఫోటో కోసం కుళాయి తిప్పితే కారడానికి నాలుగు బిందెల నీళ్లు మాత్రం ఉంటాయి. మైదానం చుట్టూ ఒక తిప్పు తిరిగి నేరుగా జహంగీర్ వెల్డింగ్ షాపుకు పోతుంది. ఏఈ చేతిలో చెయ్యి వేశాడు. ఆయన మాట తప్పాడని అనను. ఆయన మాట పైన ఇంకో మాట ఉంటుందని మా ఇద్దరికీ ఆ సమయంలో గుర్తులేదు.

కార్యక్రమం జూనియర్ కాలేజీ మైదానంలో జరిగింది. షామియానా, బ్యాండు, ఎర్రతివాచీ అన్నీ ఉన్నాయి. పక్క కాలనీ నుంచి ఆడవాళ్లను ఖాళీ బిందెలతో సహా పిలిపించి వరసగా నిలబెట్టారు. ఫోటోలో దాహం కనిపించాలి కదా. ఎండకు వాళ్లకు నిజంగానే దాహం వేసింది, అది అదనపు ఏర్పాటు. నేను ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని వేదిక మీద పెద్దాయన పక్కనే నిలబడ్డాను. పక్కన అంటే, షామియానా చివరి గుంజ పక్కన.

పెద్దాయన జెండా ఊపాడు. బ్యాండు మోగింది. ట్రాక్టర్లు రెండూ కదిలాయి. మూడోది లారీ. ఎంకన్న గేరు వేసి క్లచ్చి వదిలాడు, లారీ ఒక బారెడు ముందుకు పోయి ఆగింది. ఇంజను కూడా ఆగింది. ఎంకన్న తలుపు తీసి కిందికి దిగాడు. మొన్న రంగేసి మూసెయ్యమన్న మనిషి, బ్యాండు మోగుతుండగా, అందరూ చూస్తుండగా నడిచి నా దగ్గరికి వచ్చాడు.

“సారు, నిండ నింపిండ్రు. బండి ఎనుక దిక్కు కూసున్నది. నేను నడప.”

తర్వాత తెలిసింది ఏమిటంటే, విలేకరులు ట్యాంకు తట్టి చూస్తారేమోనని కమిషనరు గారికి అనుమానం వచ్చిందట. తెల్లవారుజామున ఆయన స్వయంగా ఫోన్ చేసి, ముందు రాత్రే మైదానంలో నిలిపిన లారీ ట్యాంకును అంచుదాకా నింపించారు. ఏఈకి చెప్పారు. ఏఈ నాకు చెప్పలేదు.

ఏఈ పరుగున వచ్చి ఎంకన్నను బండి ఎక్కమన్నాడు. ఎంకన్న నా ముఖం చూశాడు. ఒక మాట అంటే బతుకుతెరువు పోయే మనిషి ముందే ఆ మాట అనేశాడు. ఇక నేను చేయాల్సింది తేలికైన పని. లారీ కిందికి దూరాను. సున్నం మీద కొత్తగా పెచ్చు లేచి ఉంది. పగులు నా పెన్సిల్ గీత దాటి ఇంకా వేలెడు పైకి పోయింది. కళ్ల ముందే పెరుగుతుందా అని భయం వేసింది.

ఇక్కడి నుంచి నేను చెప్పుకునే కథ ఇలా ఉంటుంది: ఎవరి అనుమతీ అడగకుండా, పెద్దాయన చూస్తుండగా, ట్యాంకు అడుగున ఉండే డ్రెయిన్ వాల్వును నా చేత్తో పూర్తిగా తిప్పేశాను. ముప్పై ఏళ్ల సర్వీసును పణంగా పెట్టాను. విన్నవాళ్లు ఇక్కడ తలాడిస్తారు. వాస్తవం ఏమిటంటే, లారీ కింద నా మోకాలు పట్టేసింది. ముందుకూ రాలేను, వెనక్కీ పోలేను. “గీత దాటిందిరా” అని మాత్రం అరిచాను. వాల్వు తిప్పింది ఎంకన్న. నేను దాని కిందే ఉన్నాననే సంగతి అతను చూసుకోలేదు. నీళ్లన్నీ ముందు నా మీదే పడ్డాయి.

నీరు ధారగా పోయి ఎర్రతివాచీ కిందికి పారింది. ముందువరస కుర్చీల్లోని వాళ్లు కాళ్లు పైకెత్తారు. ఒక నిమిషం ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. ఆ నిమిషాన్ని కాలనీ ఆడవాళ్లు వృథా చేయలేదు. ఖాళీ బిందెలు చేతిలోనే ఉన్నాయి కదా. వరస తప్పి, పోలీసులను తోసుకుని వచ్చి లారీ వెనక మూగారు. బిందె తర్వాత బిందె నిండుతోంది. వాళ్లలో ఒక పెద్దావిడ నన్ను లారీ కిందినుంచి చెయ్యి పట్టి లాగింది. లాగుతూ, “మా గల్లికి గీ లారీ ఎన్నడు రాలే సారు. నెలకొకపారి గిట్లనే కరాబు చెయ్యుండ్రి,” అంది.

ఫోటోగ్రాఫర్లు నెమలిని వదిలేసి అటు పరుగెత్తారు. పెద్దాయన అనుభవం ఉన్న మనిషి. వేదిక దిగి వచ్చి, నిండిన బిందె ఒకటి ఎత్తి ఒక అవ్వ నెత్తిన పెట్టాడు, కెమెరా కోసం మళ్లీ దించి మళ్లీ పెట్టాడు. మర్నాడు పత్రికలో జెండా ఊపిన మరుక్షణమే నీళ్లు అని వచ్చింది. ఫోటోలో ఒక మూల తడిసిన తెల్లచొక్కా చెయ్యి కనిపిస్తుంది. అది నాది. ఆ ఫోటోలో నేనున్నానని చెబితే ఇంట్లో కూడా నమ్మలేదు.

కమిషనరు గారికి పైనుంచి ప్రశంస వచ్చింది. నాకు మెమో వచ్చింది. కార్యక్రమంలో వాహనం కదలకుండా నిలిచిపోవడానికి కారణం తెలపమన్నారు. ప్రజలకు నీటి పంపిణీ నిమిత్తం నిలిచినది అని రాసి, పత్రికలోని ఫోటో జతపరిచాను. మళ్లీ ఎవరూ ఏమీ అడగలేదు.

ఖాళీ అయిన లారీని ఎంకన్న నడక వేగంతో జహంగీర్ షాపుకు తీసుకుపోయాడు. నేను వెనక టీవీఎస్ మీద పోయాను. అక్కడ ట్యాంకు బోల్టులు విప్పి జాకీల మీద ఎత్తారు. పగులు ఎక్కడ ఆగిందో ఆ చివర చిన్న రంధ్రం వేశారు. అలా వేస్తే పగులు రంధ్రంలోకి వచ్చి ఆగుతుంది, ముందుకు పాకదు. తర్వాత పగులు పొడుగునా గాడి తీసి, వెల్డింగ్ నింపి, నున్నగా గ్రైండింగ్ చేశారు. దాని లోపలి వైపు ఇనుప పట్టీ వేసి బోల్టులతో బిగించారు. పట్టీ మా షెడ్డులో పడి ఉన్న విరిగిన ట్రాలీ చానల్ నుంచి కోసిందే. జహంగీర్ కూలీ అడగలేదు. లారీ బాగయ్యాక మొదటి ట్రిప్పు వాళ్ల గల్లీకి రావాలన్నాడు. “పైసల్ ఫికర్ లేదు సాబ్, ఇంట్ల నీళ్లు లేవు,” అన్నాడు. ఆ షరతు ఏఈ ఒప్పుకున్నాడు. మరమ్మతు జరిగిన రోజుల్లో ఎంకన్నను పనిలో లేనట్టు రాయమని పైనుంచి అడిగితే, వెల్డింగుకు సహాయకుడిగా పంపామని ఏఈ రాసి కాపాడాడు. ఆయన గురించి ముందు ఎగతాళిగా రాశాను. ఈ వాక్యం కూడా రాయకపోతే న్యాయం కాదు.

లారీ ఇంకా కొన్ని ఎండాకాలాలు తిరిగింది. అది వేలానికి పోయేనాటికి ఎంకన్నను చెత్త ఆటోకు మార్చారు, ఆటో బండికి ఉద్యోగం ఉంది కాబట్టి అతనికీ ఉంది. నేను పదవీ విరమణ చేసేదాకా మా షెడ్డులో ఏ బండి చాసీకీ నలుపు వేయనివ్వలేదు. లేత బూడిదరంగు వేయించాను. లేత రంగు మీద పగులు ఉంటే తుప్పు నీరు కారి ఎర్రటి చార కనపడుతుంది, నలుపు మీద కనపడదు. మురికి కనపడుతుందని డ్రైవర్లు గొణిగారు. కనపడాలనే కదా వేసేది.

చాసీ రంగు గురించి ఆ ఉదంతం నేర్పినది ఒకటే. ఇనుమును కడిగిన రోజున రంగు వేయకూడదు. ఒక పగలు, ఒక రాత్రి ఊరికే వదిలేసి, మర్నాడు వెలుతురులో రెండు పక్కలా వంగి చూడాలి. రంగుకు పద్దు ఉంటుంది, బ్రష్షుకు పద్దు ఉంటుంది, కూలీకి ఉంటుంది. చూడటానికి పట్టే ఆ ఒక్క రోజుకు ఏ ఆఫీసులోనూ పద్దు ఉండదు. కాబట్టి దాన్ని ఎవరినీ అడగకూడదు. కడిగిన ఇనుము ఇంకా ఆరలేదని చెప్పి తీసుకోవాలి.